మూతి నుంచి దట్టించే పాతకాలపు రైఫిలు: తక్కువ డబ్బులో ఏది కొనాలి?

అమెరికాలో అయిదు వందల డాలర్లకు అటూ ఇటూగా ఖర్చుపెట్టి, మూతి నుంచి మందు పోసి గుండు దట్టించే పాతకాలపు రైఫిలు ఒకటి కొనాలనుకునేవారికి ఎదురయ్యే రకాలు నిజానికి ఎక్కువేమీ కావు. స్పెయిన్‌లో తయారై కొత్తగా అమ్ముడయ్యేవి, ఒకప్పుడు అమెరికాలోనే తయారై ఇప్పుడు చేతులు మారుతున్నవి, ఇటలీ నుంచి వచ్చేవి, విడిభాగాలుగా కొని ఇంట్లో కూర్చుకునేవి, ఈ నాలుగు గుంపులలోనే దాదాపు అన్నీ సర్దుకుంటాయి. చూపుకు ఒకేలా ఉండే రెండు రైఫిళ్ళలో తయారీదారు డబ్బు ఎక్కడ మిగుల్చుకున్నాడో బయటికి కనిపించదు గనుకనే ఎంపిక కష్టమవుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. క్యాప్‌తో పేలే రైఫిలులో చవకది కొన్నా పెద్దగా నష్టపోరు. చెకుముకి రాయితో పేలేదానిలో చవకకు పోతే, మిగిలిన డబ్బుకు రెట్టింపు తరువాత ఖర్చవుతుంది.

ఈ రైఫిళ్ళ భాగాలకు మనకు చక్కని పాత మాటలు ఉన్నాయి. వెనక్కి లాగి వదిలే సుత్తి భాగాన్ని గుర్రం అంటారు, గుండును లోపలికి తోసే కర్రను గజం అంటారు, చెకుముకి తుపాకీ పక్కన చిన్న పళ్లెంలో పోసే సన్నని మందు రంజకం. నిప్పంటుకునే మందును తుపాకీ మందు అనే పిలుస్తాను. నల్లమందు అని రాస్తే చదివేవారి మనసు వేరే సరుకు మీదికి పోతుంది. గుర్రం పక్కన ఉండి, గొట్టం చెక్కలో ఒదిగి ఉండే సంప్రదాయ రైఫిళ్ళకే ఈ పోలిక పరిమితం. గొట్టం వెనుక నుంచి సూటిగా నిప్పు అందించే ఆధునిక ఇన్‌లైన్ రకాల దారి వేరు.

క్యాప్‌తో పేలే రకాన్ని క్యాప్‌లాక్ అంటారు. ఇందులో గొట్టం అడుగున నిపుల్ అనే చిన్న బోలు మొలక ఉంటుంది. దానికి రాగి టోపీలాంటి 11వ నంబరు క్యాప్ తొడిగి గుర్రాన్ని వదిలితే, క్యాప్‌లోని రసాయనం పేలి నిప్పు నేరుగా లోపలి మందుకు చేరుతుంది. ఇందులో గుర్రానికి ఉన్న పని ఒకటే, గట్టిగా కొట్టడం. స్ప్రింగు మరీ బలహీనంగా లేకపోతే, గుర్రం నిపుల్ మీద తిన్నగా పడుతుంటే, ఎంత చవక లాక్ అయినా, అంటే గుర్రమూ స్ప్రింగులూ ఉన్న పేల్చే యంత్రాంగం అయినా, ఆ పని చేసిపెడుతుంది.

చెకుముకి లాక్‌లో జరగవలసినవి చాలా ఉన్నాయి. గుర్రం దవడల మధ్య తోలు చుట్టి బిగించిన రాయి, ఎదురుగా నిలిచిన ఉక్కు పలకను సరైన కోణంలో గీరుకుంటూ దిగాలి. ఆ గీతకు ఉక్కు నుంచి సన్నని పెచ్చులు ఎర్రగా కాలి రాలాలి. పలక సరైన క్షణంలో వెనక్కి తెరుచుకోవాలి. రవ్వలు రంజకంలో పడి మండాలి. ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలికి దూకాలి. పలక ఉక్కును సరిగా కాల్చి గట్టిపరచకపోయినా, స్ప్రింగుల బలాలు ఒకదానితో ఒకటి కుదరకపోయినా, రంధ్రం పళ్లేనికి మరీ కిందుగా పడినా, రాయి రవ్వలు రాల్చదు, లేదా రాల్చినా రైఫిలు పేలదు. కర్మాగారాలు ఖర్చు తగ్గించేది సరిగ్గా ఈ వివరాలలోనే. కొన్ని ప్రసిద్ధ కర్మాగారపు రైఫిళ్ళకు ఎల్ అండ్ ఆర్ అనే సంస్థ మేలైన ప్రత్యామ్నాయ లాక్‌లు చేసి అమ్ముతోందంటే, అసలు లాక్‌లతో విసిగినవారు ఎందరో ఊహించుకోవచ్చు. చవక చెకుముకి రైఫిలు కొని ఆపైన మంచి లాక్ వేయించుకుంటే, మొత్తం ఖర్చు మొదటే మంచిది కొన్నవారి ఖర్చుకు దగ్గరపడుతుంది, కానీ గొట్టమూ చెక్కా మాత్రం చవకవే మిగులుతాయి.

మందు విషయంలోనూ తేడా ఉంది. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ వంటి ప్రత్యామ్నాయ మందులు అసలు తుపాకీ మందు కంటే ఎక్కువ వేడికి గాని అంటుకోవు. క్యాప్ వేడి వాటికి సరిపోతుంది. రంజకపు మంట చాలా సందర్భాలలో సరిపోదు. అందువల్ల చెకుముకి రైఫిలు కొనేవారు తమ ఊళ్ళో అసలు మందు దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి, ఎందుకంటే చాలా దుకాణాలు ప్రత్యామ్నాయాలనే ఉంచుతాయి. అసలు మందును దూరం నుంచి తెప్పించుకుంటే ప్రమాదకర సరుకు రవాణా రుసుము అదనంగా పడుతుంది. నలుగురు కలిసి ఒకేసారి తెప్పించుకునేది ఆ భారం పంచుకోవడానికే.

అయినా చెకుముకినే ఎంచుకోవలసిన సందర్భం ఒకటుంది. పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తరువాత వచ్చే ప్రత్యేక జింకల వేట కాలం 1974లో మొదలైంది, దానిలో చెకుముకి తుపాకీకే చోటు. గొట్టం లోపలి వ్యాసం కూడా .44 అంగుళానికి తగ్గకూడదు. ఆ రాష్ట్రంలో ఉంటూ ఆ వేటకే వెళ్ళదలచినవారికి క్యాప్‌లాక్ ఎంత మంచిదైనా పనికిరాదు. కొలరాడో నిబంధనల దారి వేరు. మూతి నుంచి దట్టించే తుపాకుల కాలంలో అక్కడ దుర్భిణి అమర్చకూడదు, గుళికలుగా చేసిన మందు వాడకూడదు, జింకకు కనీసం .40, ఎల్క్ అనే పెద్ద జింకకు కనీసం .50 అంగుళాల గొట్టం ఉండాలి. వేట ఉద్దేశం ఉన్నవారు ధరల పట్టిక కంటే ముందు తమ రాష్ట్రపు వేట నిబంధనల పుస్తకం తెరవడం మేలు.

ఇక గొట్టం సంగతి. సంప్రదాయ రైఫిలులో పేల్చేది గుండ్రని సీసపు గుండు, దాని చుట్టూ కొవ్వో నూనో పట్టించిన నూలు గుడ్డ పేలిక. గుండు గొట్టం కంటే కాస్త చిన్నది. ఆ సందును పేలిక నింపి, గొట్టం లోపలి మెలికల గాళ్ళను పట్టుకుని గుండును తిప్పుతుంది. .50 గొట్టానికి సాధారణంగా .490 గుండు వాడతారు, దాని బరువు సుమారు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. .54కు .530 గుండు, 224 గ్రెయిన్లు. .45కు .440 గుండు, 128 గ్రెయిన్లు. గాడి ఎన్ని అంగుళాలలో ఒక చుట్టు తిరుగుతుందో చెప్పే అంకెను కొనేముందు తప్పక చూడాలి. గుండ్రని గుండుకు 60 లేదా 66 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే నెమ్మది మెలిక నప్పుతుంది. పొడవాటి సీసపు తూటాకు 28 లేదా 32 అంగుళాల వేగమైన మెలిక కావాలి. 48 అంగుళాలది మధ్యేమార్గం. మధ్యేమార్గాలు రెండు పనులనూ సగం సగం చేస్తాయన్న అపవాదు దీనికి కూడా ఉన్నా, నా అనుభవంలో మంచి పేలిక, మితమైన మందు ఉంటే 48 మెలిక గొట్టం గుండ్రని గుండును యాభై గజాల దూరంలో శుభ్రంగానే వేస్తుంది.

మొదటి రైఫిలుకు .50 కొలతనే సూచిస్తాను. గుండ్లు, పేలికలు, శుభ్రం చేసే సామాను ఏ దుకాణంలోనైనా దొరికేది ఈ కొలతకే. పెద్ద జంతువుల వేటకు .54 బలమైనదే గాని ప్రతి దెబ్బకూ సీసం, మందు ఎక్కువ తింటుంది. పొదుపే ముఖ్యమై, కాగితపు గురి మీద కాల్చుకోవడమూ ఉడుతల వేటా తప్ప మరో ఆలోచన లేనివారికి .32 కొలత అద్భుతం. లెక్క సులభం: ఒక పౌండు మందులో 7000 గ్రెయిన్లు ఉంటాయి. .50లో దెబ్బకు 70 గ్రెయిన్లు పోస్తే నూరు దెబ్బలు వస్తాయి; .32లో 20 పోస్తే మూడు వందల యాభై.

ఇప్పుడు రైఫిళ్ళ పేర్లలోకి వద్దాం. క్యాప్‌లాక్ కావాలనుకునేవారికి నా మొదటి సలహా చేతులు మారిన థాంప్సన్ సెంటర్ హాకెన్, లేదా దాని తోబుట్టువైన రెనిగేడ్. న్యూ హాంప్‌షైర్‌లోని రోచెస్టర్‌లో ఈ సంస్థ 1970లో హాకెన్‌ను విడుదల చేసింది. ఆ తరువాత దశాబ్దాల పాటు అమెరికాలో మూతి తుపాకీ పట్టిన చాలామంది చేతికి మొదట వచ్చింది ఇదే. 2007లో సంస్థను స్మిత్ అండ్ వెస్సన్ కొనుక్కుంది, కొన్నేళ్ళకు ఈ పక్క గుర్రపు రైఫిళ్ళ తయారీ ఆగిపోయింది. చరిత్ర పట్టింపు ఉన్నవారు దీనిని చూసి పెదవి విరుస్తారు, అందులో న్యాయం ఉంది: సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ అనే అన్నదమ్ములు పర్వత ప్రాంతపు వేటగాళ్ళ కోసం చేసిన బరువైన, ఇనుప అమరికల రైఫిళ్ళకూ ఇత్తడి మెరుపుల ఈ 28 అంగుళాల గొట్టపు రైఫిలుకూ పేరులో ఉన్నంత పోలిక రూపంలో లేదు. అయితే లాక్‌లో చుట్ట స్ప్రింగు ఉండడం వల్ల అది విరగడం అరుదు. రెండు ట్రిగ్గర్లలో వెనుకదానిని నొక్కి సిద్ధం చేస్తే ముందుదానికి వేలు తగిలీ తగలగానే గుర్రం పడుతుంది. గొట్టం అడుగున కొక్కెం ఉండడం వల్ల, చెక్కలోని అడ్డుచీల లాగేస్తే గొట్టం మొత్తం చేతికి వస్తుంది. దాన్ని సబ్బు కలిపిన వేడినీళ్ళ బకెట్టులో నిలబెట్టి కడుక్కోవచ్చు. ప్రతిసారీ కడగక తప్పని తుపాకీలో ఈ సౌకర్యం విలువ మొదటి నెలలోనే తెలుస్తుంది. రెనిగేడ్‌లో ఇత్తడి లేదు, గొట్టం 26 అంగుళాలు, చూపుకు సాదాసీదా. అందువల్లనే అదే నాణ్యత కాస్త తక్కువ ధరకు దొరుకుతుంది. ఒకే అరలో రెండూ కనిపిస్తే నేను రెనిగేడ్ తీసుకుంటాను.

పాతది కొనేటప్పుడు పరీక్ష తప్పనిసరి, అందులో మొదటిది ప్రాణాలకు సంబంధించినది. గజాన్ని గొట్టంలో అడుగుదాకా దింపి, మూతి దగ్గర వేలితో గుర్తు పట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడాలి. గజం కొస నిపుల్ దాకా లేదా రంధ్రం దాకా రావాలి. రెండు మూడు వేళ్ళ మందం తక్కువ వస్తే లోపల మందూ గుండూ ఉన్నాయనే అనుకోవాలి. ఇంటి సామాను అమ్మకం ఒకదానిలో నేను ఎత్తి చూసిన రైఫిలు సరిగ్గా అలాగే రెండంగుళాలు తక్కువ చూపింది. అమ్మే పెద్దాయన అది ముప్పై ఏళ్ళుగా గోడకు వేలాడుతోందని, పిల్లలు కూడా దానితో ఆడుకునేవారని చెప్పాడు. తుపాకీ మందు పొడిగా ఉంటే ఎన్నేళ్ళయినా చావదు. అలాంటిదాన్ని తుపాకుల మరమ్మతు తెలిసినవారి చేతికే ఇవ్వాలి.

రెండవది గొట్టం లోపలి స్థితి. చిన్న దీపం ఒకటి గొట్టంలోకి జారవిడిచి చూస్తే కొంత తెలుస్తుంది గాని, అసలు సాక్ష్యం చేతికి తెలిసేదే. గజం కొసకు బిగుతైన శుభ్రమైన గుడ్డ చుట్టి నెమ్మదిగా పైకీ కిందికీ లాగాలి. పట్టు అంతటా ఒకేలా ఉంటే మంచిది. ఒకచోట గరుకుగా ఆగి, మరొకచోట వదులుగా జారితే తుప్పు గొట్టాన్ని తిన్నదన్నమాట. మందు మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కడగకుండా వదిలితే కొద్ది రోజులలోనే తుప్పు మొదలవుతుంది. ప్రత్యామ్నాయ మందు వాడితే కడగనక్కరలేదనే అపోహతో పాడైన గొట్టాలు సంతలలో కొల్లలు. పైరోడెక్స్‌లో ఉండే పెర్‌క్లోరేట్ వల్ల దాని మసి ఇంకా చెడ్డది. బయట గోధుమరంగు మచ్చలున్నా లోపల నున్నగా ఉన్న రైఫిలు కొనవచ్చు, బయట అద్దంలా మెరుస్తూ లోపల గరుకుగా ఉన్నది వద్దు. మూడవది, గుర్రాన్ని సగం దాకా లాగి ఉంచినప్పుడు ట్రిగ్గర్ నొక్కితే అది పడకూడదు. నిపుల్ మార్చవలసి వస్తే మర కొలత చూసుకోవాలి: థాంప్సన్ సెంటర్‌ది అంగుళాల లెక్కలో పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు; స్పెయిన్, ఇటలీ రైఫిళ్ళవి సాధారణంగా మెట్రిక్. ఒకదానిలో మరొకటి బలవంతంగా తిప్పితే గొట్టం మర పోతుంది.

పాతవాటిని పరీక్షించే ఓపిక లేనివారికి కొత్తవాటిలో అందుబాటులో ఉండేవి ట్రెడిషన్స్ సంస్థ అమ్మే స్పెయిన్ రైఫిళ్ళు. వీటిలో డీర్‌హంటర్ అత్యంత చవకది, 24 అంగుళాల గొట్టంతో తేలికగా ఉంటుంది, అడవిలో తిరగడానికి బాగుంటుంది, అందం మాత్రం ఆశించకూడదు. హాకెన్ వుడ్స్‌మన్ దానికి మెట్టు పైన, 28 అంగుళాల గొట్టం, 48 మెలిక, రెండు ట్రిగ్గర్లు. ఎడమచేతివాటం వారికి కూడా దొరకడం దీని ప్రత్యేకత. కెంటకీ అనే పొడవాటి నమూనాకు 33 అంగుళాల పైచిలుకు గొట్టం, 66 మెలిక ఉన్నాయి, గుండ్రని గుండుకు అది సరైన మెలికే. అయితే పొడవాటి రైఫిళ్ళలో గొట్టాన్ని చెక్కకు సన్నని చీలలతో బిగిస్తారు, దాన్ని ఊడదీసి బకెట్టులో కడగడం కుదరదు. ఈ సంస్థ రైఫిళ్ళను క్యాప్‌లాక్‌లోనే కొనమంటాను. వాటి చెకుముకి రూపాలు కొన్ని బాగానే పేలుతాయి, కొన్ని పేలవు, పెట్టె తెరిచేదాకా మనకు ఏది వచ్చిందో తెలియదు.

అసలు హాకెన్ రూపానికి దగ్గరగా ఉండాలంటే లైమన్ పేరుతో అమ్ముడైన గ్రేట్ ప్లెయిన్స్ రైఫిలు వెతకాలి. ఇటలీలోని ఇన్వెస్టార్మ్ దీన్ని తయారుచేసింది: నల్లని ఇనుప అమరికలు, 32 అంగుళాల గొట్టం, 60 మెలిక. గుండ్రని గుండు మాత్రమే కాలుస్తానని నిశ్చయించుకున్నవారికి థాంప్సన్ సెంటర్ కంటే ఇదే తగినది. ఇది కూడా పాతవాటిలోనే వెతుక్కోవాలి. హంటర్ అనే రూపంలో మెలిక 32 గనుక రెండింటినీ కలగాపులగం చేయకుండా గొట్టం మీది రాత చదవాలి. బరువు మాత్రం చేతికి బాగా తెలుస్తుంది. ఇటలీకే చెందిన పెడెర్సోలి పనితనం వీటన్నిటికంటే పైది, ధర కూడా అంతే. చవక అన్న మాటకు ఇక్కడ చోటు లేదు.

చెకుముకి కావాలని గట్టిగా అనుకునేవారు వెయ్యి డాలర్లు దాటే దాకా డబ్బు కూడబెట్టుకుని, ఒహాయోలోని కిబ్లర్ సంస్థ విడిభాగాల పెట్టె కొనడమే ఉత్తమమని నా నమ్మకం. ఇందులో లాక్ ప్రథమశ్రేణిది. కంప్యూటర్ యంత్రాల మీద చెక్కిన భాగాలు చాలావరకు అతికినట్టు కూర్చుంటాయి, మిగిలేది చెక్కను నున్నగా రుద్దడం, రంగు పట్టించడం, ఇనుమును నునుపు చేయడం. ఉలి పట్టడం రానివారు కూడా కొన్ని వారాంతాలలో పూర్తిచేయగలరు. ఇదే పనితనం చేతితో చేసేవారి దగ్గర చేయించుకుంటే ధర ఎన్నో రెట్లు.

రైఫిలు ధర తోనే ఖర్చు ముగియదు. మందు కొలిచే గొట్టం, పేలికలు, గుండు మొదలుపెట్టి తోసే చిన్న పిడి, పనికి వాడుకోవడానికి గట్టి గజం, నిపుల్ తిప్పే సాధనం, కడిగే సామాను, ఇవన్నీ కలిపి నూరు డాలర్లు పక్కన పెట్టుకోవాలి. రైఫిలుతో వచ్చే చెక్క గజాన్ని అలంకారంగానే చూడాలి. అది విరిగితే చీలిక అరచేతిలో దిగుతుంది. మందును సీసా నుంచి నేరుగా గొట్టంలోకి ఎన్నడూ పోయరాదు, లోపల మిగిలిన నిప్పురవ్వ సీసాను చేతిలోనే పేలుస్తుంది. నేటి తూటాలలో వాడే పొగరాని మందు చిటికెడైనా వీటిలో పోయకూడదు, గొట్టం పగిలిపోతుంది.

వీసా మీద ఉన్న మనవారికి ఒక మాట. 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం, తూటాలు వాడని, నల్ల తుపాకీ మందుతో మూతి నుంచి దట్టించే ఈ రకాలను సాధారణంగా ఫైరార్మ్ నిర్వచనం నుంచి మినహాయించింది. అందుకే చాలాచోట్ల వీటిని అమ్మేవారు మామూలు తుపాకీకి అడిగే పత్రాలు అడగరు. రాష్ట్రాల చట్టాలు మాత్రం ఒకేలా లేవు, న్యూజెర్సీ వంటివి చాలా కఠినం. తాత్కాలిక వీసా ఉన్నవారికి తుపాకుల విషయంలో ఫెడరల్ చట్టంలోనే ప్రత్యేక నిషేధాలు ఉన్నందువల్ల, దుకాణదారు మాట మీద ఆధారపడకుండా వలస చట్టం తెలిసిన న్యాయవాదిని అడిగాకే కొనాలి. ఇండియాకు తిరిగి వెళ్ళేటప్పుడు జ్ఞాపకంగా పెట్టెలో పెట్టుకుపోదామన్న ఆలోచన అసలే వద్దు. 1959 ఆయుధాల చట్టం కింద మన దగ్గర నాటు తుపాకీకి కూడా లైసెన్సు కావాలి.

కొనేముందు భుజానికి ఎత్తి చూడడం ఏ వివరణ కంటే మంచిది. నలభై అంగుళాల గొట్టపు పెన్సిల్వేనియా రైఫిలును నేల మీద నిలబెడితే అయిదున్నర అడుగుల మనిషికి మూతి గడ్డం దాకా వస్తుంది, దట్టించేటప్పుడు గజం పట్టుకోవడానికి చేతులు తల మీదికి ఎత్తవలసి వస్తుంది. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరిలో, 1933లో ఏర్పడిన జాతీయ మూతి తుపాకుల సంఘం జరిపే పోటీలకు వెళితే, పైన చెప్పిన రకాలు దాదాపు అన్నీ ఒకే మైదానంలో చూడవచ్చు. మర్యాదగా అడిగితే తమ రైఫిలుతో రెండు గుండ్లు కాల్చనిచ్చేవారు అక్కడ తప్పక కనిపిస్తారు; చెవులకు రక్షణ, కళ్ళకు అద్దాలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.